జరగని మీటింగుకు రాసిన తీర్మానం

పోయిన నెల ఒకమ్మాయి ఫోన్ చేసింది. నేను రిటైరైన పంచాయతీకి కొత్తగా వచ్చిన సెక్రెటరీ అట.

"సార్, నమస్కారమండి. పాత తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి ఉందండి. రాతేమో మీది. కింద పదకొండు మంది సంతకాలున్నాయి. కొట్టేసిన పేజీ కింద అందరూ సంతకాలెందుకు పెట్టారండి?"

"అది నా తెలివితేటలకు దొరికిన సర్టిఫికెట్టమ్మా" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. కొత్త ఉద్యోగం, పైగా ఆడిట్ దగ్గర పడింది. "వాళ్లడిగితే అలాగే చెప్పమంటారాండి?" అంది.

అలాగే చెబితే ఆ అమ్మాయి ఉద్యోగానికే ఎసరు. అందుకని మొత్తం రాసి పంపిస్తానన్నాను. ఆమెకే కాదు, ఈ మధ్య పరీక్షలు రాసి ఈ ఉద్యోగాల్లోకి వచ్చిన మీ అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. చట్టమంటే మీకు ఫోన్లో ఉంటుంది, వేలు పెట్టి జరిపితే కనపడుతుంది. మా రోజుల్లో చట్టం సెక్రెటరీ నోట్లో ఉండేది. ఎంత కావాలంటే అంతే బయటికొచ్చేది. గొడవంతా అక్కడే మొదలైంది.

నా ఇల్లు తెనాలి. పని చేసిన చోటు రేపల్లె అవతల, సముద్రం కనపడకపోయినా దాని గాలి తగిలే ఊరు. పొద్దున్నే ప్యాసింజరెక్కి రేపల్లెలో దిగి, అక్కణ్ణించి బస్సు పట్టుకుంటే పంచాయతీ ఆఫీసు మెట్ల ముందే దింపేవాడు. ఊళ్లో సగం మంది వేటకు వెళ్లేవాళ్లు, తక్కిన సగం ఆ వేట మీద బతికేవాళ్లు. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే వాళ్లకేం నష్టం లేదు, నా పరువే పోతుంది.

అప్పటికి పాత పంచాయతీ గడువు తీరిపోయింది. కొత్త ఎన్నికలు ఇంకా పెట్టలేదు. అలాంటప్పుడు ప్రభుత్వం ఒక ప్రత్యేకాధికారిని వేస్తుంది. సర్పంచి అధికారం, వార్డు మెంబర్ల అధికారం, అన్నీ ఆ ఒక్క మనిషివే. మా ఊరికి వేసింది పశువుల డాక్టరు గారిని. ఆయనకు మా ఊరితో కలిపి నాలుగు ఊళ్లు అంటగట్టారు. మనిషి మాత్రం బంగారం. గేదె ఈనలేక బాధపడుతుంటే అన్నం మానేసి దాని పక్కన కూర్చునే మనిషి. పంచాయతీ ఫైలు ముందు మాత్రం రెండు నిమిషాలు కూర్చోలేకపోయేవాడు.

అందుకని మా పంచాయతీ సమావేశాలు రేపల్లెలో, పశువుల ఆసుపత్రి వరండాలో జరిగేవి. అంటే నేను పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. ఊరి పాలన మొత్తం నా సంచిలో బస్సెక్కేది. తీర్మానం దారిలోనే రాసేసేవాణ్ణి. హాజరైనవారు: ప్రత్యేకాధికారి. ప్రతిపాదించినవారు: ప్రత్యేకాధికారి. బలపరచినవారు: ప్రత్యేకాధికారి. కూలంకషంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. ఆ కూలంకష చర్చ జరిగింది నాకూ బస్సు కిటికీకీ మధ్య.

డాక్టరు గారు చేతులు కడుక్కుని వచ్చి అడిగేవాడు.

"ఏంటయ్యా ఇది?"

"వీధి లైట్లు సార్."

"మంచిదేగా?"

"మంచిదే సార్."

సంతకం. అంతే పాలన. చివర్న నేనొక వాక్యం అలవాటుగా కలిపేవాణ్ణి: "కార్యదర్శి గారి సేవలను సభ కొనియాడినది." సభ అంటే ఆయనొక్కడే. ఆయన అది ఏనాడూ చదవలేదు. అయినా రాసుకున్న ప్రతిసారీ నాకు కడుపు నిండినట్టుండేది. ఇంట్లో ఎవరూ కొనియాడరు మరి!

అలా రెండేళ్లకు పైగా గడిచింది. నిజం చెప్పొద్దూ, హాయిగా గడిచింది. అడిగే మెంబరు లేడు, అలిగే సర్పంచి లేడు. పైకి డాక్టరు గారు, లోపల నేను. నడుస్తున్నంత సేపూ నేను సమర్థుణ్ణనుకున్నాను. అడిగేవాళ్లు లేకపోతే ఎవడైనా సమర్థుడేనని తట్టలేదు.

ఇక ఈ గొడవకు కారణమైన దిబ్బ సంగతి. ఆఫీసుకూ బస్సు స్టాపుకూ మధ్య పంచాయతీ ఖాళీ స్థలం ఉంది. కాస్త ఎత్తు కాబట్టి వాన పడినా నీళ్లు నిలవవు. ఊళ్లో ఆడవాళ్లు ఎన్నాళ్ల నుంచో దాని మీద పాత వలలూ పట్టాలూ పరిచి చేపలు ఎండబెట్టుకునేవాళ్లు. నెత్తళ్లు, రొయ్యపొట్టు, కానాగంతలు. ఆ వాసన తిన్నగా నా కిటికీలోకి వచ్చేది. సాయంత్రం తెనాలి రైల్లో నా పక్క సీటు ఖాళీగా ఉండేది. ఇంటికి వెళ్తే మా ఆవిడ, "చొక్కా బయటే విప్పండి, లోపలికి తేకండి" అనేది. చొక్కా లేకుండా, చేతిలో క్యారేజీతో గుమ్మం దాటే గెజిటెడ్ కాని అధికారిని ఊహించుకోండి. అది నేనే.

అందుకని అక్కడొక పార్కు కట్టాలనుకున్నాను. చుట్టూ కంచె, రెండు సిమెంటు బల్లలు, ఒక బోర్డు. ఊరికి మంచిదని డాక్టరు గారికి చెప్పాను, మీకు చెబుతున్నాను, అప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను. అసలు కారణం నా చొక్కా.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. మా ఊరికి సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించారు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె, తెనాలి బజార్లకు తిరిగే ఒకావిడ నిలబడింది. ఎదటి వర్గం వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, ఆఫీసు లోపల. ఆవిడ గెలిచింది. పది వార్డుల్లో నలుగురు ఆవిడ వైపు వాళ్లు, ఆరుగురు ఎదటి వర్గం వాళ్లు గెలిచారు.

గెలిచినవాళ్లు ప్రమాణం చేసి కుర్చీ ఎక్కడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. ఎక్కాల్సినవాళ్లు ఎక్కలేదు, దిగాల్సినవాళ్లు దిగలేదు. ఆ సందులో నేను పుస్తకం తీసుకుని రేపల్లె పరిగెత్తాను.

డాక్టరు గారు ఒక దూడ నోరు తెరిచి పట్టుకుని ఉన్నాడు. "ఏంటయ్యా, ఇంకో పది రోజుల్లో దిగిపోతున్నాం కదా. వచ్చేవాళ్లు చూసుకోరా?" అన్నాడు.

"పార్కు సార్. వాళ్లొస్తే ఇక కాదు."

"మంచిదేగా?" అన్నాడు. ఈసారి మాత్రం నా మొహంలోకి చూసి అడిగాడు.

"మంచిదే సార్" అన్నాను.

వాళ్లొస్తే కాదని నా నోటితో నేనే చెప్పాను. ఊరు వద్దంటుందని తెలుసు కాబట్టే ఊరు వచ్చేలోపు చేయించాను. ఇంతకంటే తప్పు ఒప్పుకోలు ఇంకేం కావాలి? వారం తిరిగేసరికి ఎక్కడో మిగిలిన సిమెంటు స్తంభాలు తెప్పించి, ముళ్లతీగ చుట్టించి, గేటుకు తాళం వేయించాను. తాళం చెవి నా జేబులో వేసుకున్నాను. బల్లలు రాలేదు, బోర్డు రాలేదు. లోపలికి మాత్రం రెండు మేకలు ఎలాగో దూరాయి. పార్కును వాడుకున్న ప్రజలు వాళ్లిద్దరే.

కొత్త పంచాయతీ తొలి సమావేశం నాడు సర్పంచి గారు కుర్చీలో కూర్చోగానే నా వైపు తిరిగింది.

"సెక్రెటరీ గారూ, ముందు ఆ గేటు తాళం తీయించండి."

"కుదరదమ్మా. తీర్మానం అయింది."

"ఎవరు చేశారండి?"

"పంచాయతీ."

"పంచాయతీ అంటే మేమే కదండీ?"

"ఇప్పుడు మీరు. అప్పుడు డాక్టరు గారు."

"ఆయన మా గేదెకి సూది వేశాడండి, బతికించాడు. దణ్ణం పెడతాను. మా దిబ్బ సంగతి ఆయనకేం తెలుసండి?"

నేను గొంతు సవరించుకున్నాను. "చట్టం ప్రకారం, పాసైన తీర్మానాన్ని మూడు నెలల దాకా రద్దు చేయకూడదమ్మా" అన్నాను. అబద్ధం కాదు. చట్టంలో ఆ మాట ఉంది. దాని వెంటనే ఇంకో మాట కూడా ఉంది. అది నేను చెప్పలేదు.

ఆవిడ నెమ్మదిగా అంది. "మూడు నెలలకి వేట నిషేధం వచ్చేసి, అయిపోయి, మళ్లీ పడవలు దిగుతాయండి. మేం ఎండబెట్టుకోవాల్సింది ఇప్పుడు. ఇప్పుడు ఎండితేనే ఆ రెండు నెలలూ పొయ్యి వెలిగేది."

నాకు తెలియంది కాదు. వేసవిలో రెండు నెలలు పడవలు కదలవు. అంతకు ముందు ఎండబెట్టి దాచుకున్నదే అమ్ముకుని తినాలి. ఆ ఊళ్లో అన్నేళ్లు పని చేసినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? అయినా చట్టం అని ఇంకోసారి అని, పుస్తకం మూసేశాను.

దిబ్బ పోయేసరికి ఆడవాళ్లు బస్సు రోడ్డు అంచున ఎండబెట్టడం మొదలుపెట్టారు. బస్సు వచ్చినప్పుడల్లా పట్టా లాగాలి. ఒకోసారి లాగేలోపే టైరు ఎక్కేది. ఇసుక, దుమ్ము, కుక్కలు. నెత్తళ్లు నలిగి పొడైపోతే ఏరుకుంటూ కూర్చునేవాళ్లు. నేను బస్సు దిగి వాళ్ల మధ్యలోంచి, అడుగులు చూసుకుంటూ ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పైగా వాసన ఇంకా ఎక్కువైంది, ఇప్పుడు అది ఆఫీసు మెట్ల దాకా వచ్చేసింది కదా! కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు, మా ఊరికి లేని దురద నాకెందుకో.

ఈలోగా కొత్త సర్పంచులకు బాపట్లలో మూడు రోజులు శిక్షణ పెట్టారు. పాతవాళ్లు చాలామంది ఇలాంటి వాటికి వెళ్లి, టిఫిన్ తిని, సంతకం పెట్టి వచ్చేసేవాళ్లు. ఈవిడా అంతే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున నా కంటే ముందే ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది.

"సార్, బాపట్లలో అడిగానండి."

"ఏం అడిగారమ్మా?"

"మన దిబ్బ సంగతే. మూడు నెలలన్నది నిజమేనంట. కానీ దాని వెనకాల ఇంకో ముక్క ఉందంటండి. ప్రత్యేకంగా మీటింగు పెట్టి, మొత్తం మెంబర్లలో సగానికి తగ్గకుండా ఒప్పుకుంటే ఇవాళే కొట్టేయొచ్చంట. ఆ ముక్క మీకు తెలీదాండీ?"

తెలుసంటే దొంగనవుతాను, తెలీదంటే దద్దమ్మనవుతాను. దద్దమ్మే నయమనిపించింది. "మర్చిపోయానమ్మా" అన్నాను.

"పోన్లెండి. మీటింగు పెట్టండి" అంది. నమ్మిందో లేదో ఆ మొహంలో తెలియలేదు.

సర్పంచితో కలిపి మొత్తం పదకొండు మంది. సగానికి తగ్గకూడదంటే ఆరుగురు కావాలి. ఆవిడకు ఉన్నది తనతో కలిపి ఐదుగురు. ఎదటి వర్గానికి ఆరుగురు. వాళ్లకు పార్కు మీద ప్రేమేం లేదు, సర్పంచి వద్దన్నది కాబట్టి వాళ్లకు కావాలి. ఆ వర్గానికి పెద్ద ఒక బోటు యజమాని. మూడో వార్డు మెంబరు ఆయన భార్య. ప్రమాణం నాడు తప్ప ఆవిడ ఆఫీసు గడప తొక్కలేదు. సమావేశాలకు ఆయనే వచ్చి ఆవిడ కుర్చీలో కూర్చునేవాడు, తర్వాత బిల్ కలెక్టరు పుస్తకం వాళ్లింటికి పట్టుకెళ్లి ఆవిడ చేత సంతకం పెట్టించుకొచ్చేవాడు. ఇది తప్పని నాకు తెలుసు. మా వైపు చాలా చోట్ల ఇలాగే నడిచేది, నేనూ నడవనిచ్చాను.

కాబట్టి లెక్క తేలిపోయింది. ఐదు, ఆరు. ఆ ధీమాతో, మీటింగు రోజు పొద్దున తెనాలి రైల్లో కూర్చుని, అలవాటు ప్రకారం మీటింగులో జరిగింది మొత్తం రాసేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. ఎవరెవరు వచ్చారు, ఎవరేం మాట్లాడారు, ఎలా వీగిపోయింది, అన్నీ. రాత బాగా కుదిరింది కూడా. వేమూరు దాటేసరికి ఒక పేజీ నిండింది.

ఆ రోజు ఆఫీసు గది నిండిపోయింది. కిటికీల దగ్గర, గుమ్మంలో ఊరి జనం. బోటు యజమాని తెల్లచొక్కా వేసుకుని వచ్చి మూడో వార్డు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నేను పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. సర్పంచి గారు ఆ పుస్తకం వైపు చూసింది.

"సార్, మీటింగింకా మొదలవలేదు కదండీ. పేజీ నిండిపోయినట్టుందే?"

"అంటే... వివరాలమ్మా. ముందుగా..."

"చదవండి. చదివించుకోకుండా దేని మీదా సంతకం పెట్టొద్దని బాపట్లలో ఒట్టేయించుకున్నంత పని చేశారు."

నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఏదో నోటికొచ్చింది చదివేద్దామనుకున్నాను. కానీ నా పక్కనే ఏడో వార్డు మెంబరు, కుట్టుమిషను ఆవిడ, కళ్లజోడు సర్దుకుని పుస్తకంలోకి తొంగి చూస్తోంది. తేదీ చదివి, తర్వాతి వాక్యం దాటేయబోయాను.

"సార్, ఈ లైను వదిలేశారండి" అని వేలు పెట్టి చూపించింది.

ఇక తప్పలేదు. గట్టిగా చదివాను. "ప్రత్యేక సమావేశమునకు సభ్యులందరూ హాజరైనారు. మూడవ వార్డు సభ్యురాలు మాట్లాడుతూ, ఎండుచేపల దుర్వాసన వలన గ్రామ ప్రతిష్ఠకు భంగము కలుగుచున్నదని, మహిళలందరి తరఫున పార్కును స్వాగతిస్తున్నానని తెలిపి, రద్దు ప్రతిపాదనను తీవ్రంగా వ్యతిరేకించినారు."

కిటికీ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవరూ? నేనా?"

అందరూ తిరిగి చూశారు. మూడో వార్డు మెంబరు. రోడ్డు పక్క ఎండబెట్టిన నెత్తళ్లు ఎత్తుకుని ఇంటికి పోతూ, జనాన్ని చూసి ఆగింది కాబోలు, చంకలో గంప ఉంది. ఆవిడకు బోట్లున్న మొగుడున్నాడు గానీ, తన చేపలు తనే ఎండబెట్టుకుని తనే అమ్ముకునేదట. ఆ సంగతి నా లెక్కలో లేదు.

జనం పక్కకు తప్పుకున్నారు. లోపలికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. నెత్తళ్లలో నల్లటి కంకర కలిసి ఉంది.

"దుర్వాసనని నేనెప్పుడన్నానయ్యా? నా చేతుల్తో ఎండబెట్టి, ఆ డబ్బుల్తో నా పిల్లల్ని చదివించుకున్నాను. దాన్ని నేను దుర్వాసన అన్నానా? ఎప్పుడన్నానో చెప్పు."

కోపమనుకున్నాను గానీ ఆవిడ కళ్లలో నీళ్లు కనపడ్డాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను పై అధికారులు చాలాసార్లు నిలబెట్టి అడిగారు. ఎప్పుడూ ఏదో ఒక జవాబుండేది. ఆ రోజు తల వంచుకుని, గంపలోని ఆ కంకర వైపు చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "లేవయ్యా. అది నా కుర్చీ."

"ఏంటే, నలుగుర్లో..."

"నలుగుర్లోనే. ఓట్లేసింది నాకు."

ఆయన లేవలేదు. నా వైపు చూశాడు. "ఏంటి సెక్రెటరీ గారూ, చెప్పండి. రూలేంటి?" అన్నాడు. అందులో అడగడం కంటే గుర్తు చేయడం ఎక్కువుంది. ఇన్నాళ్లూ నువ్వేగా కూర్చోబెట్టావు అని.

సర్పంచి గారు నా వైపే చూస్తోంది. "ఈసారి మొత్తం చెప్పండి సార్" అంది, మెల్లగా.

అంటే ఆవిడకు తెలుసు. మర్చిపోయానన్నది అబద్ధమని ఆ రోజే తెలుసు. తెలిసే, పది మందిలో నా పరువు తీయకుండా ఇన్నాళ్లూ ఊరుకుంది.

"మెంబరు ఆవిడండి" అన్నాను. "మీరు ఆ కుర్చీలో కూర్చోకూడదు, మాట్లాడకూడదు. పుస్తకం ఇంటికి పంపించి సంతకం పెట్టించడం కూడా తప్పే. ఇన్నాళ్లూ జరగనిచ్చింది నేను. ఈ పేజీలో ఉన్నదంతా రైల్లో కూర్చుని నేను రాసుకున్నది."

ఆయన లేచాడు. లేచేటప్పుడు కుర్చీ పెద్ద చప్పుడు చేసింది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు గానీ బయటికి పోలేదు. ఆవిడ గంప నేల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. సర్పంచి గారు తీర్మానం రద్దు చేద్దామా అని అడిగింది. ఆరు చేతులు లేచాయి. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆరో చేతికి నెత్తళ్ల పొలుసు అంటుకుని ఉంది.

అప్పుడు కుట్టుమిషను ఆవిడ మళ్లీ వేలు పెట్టింది. "సార్, పేజీలో ఆఖరి లైనొకటి మిగిలిపోయిందండి."

"అది అక్కర్లేదమ్మా."

"చదవండి, చదవండి" అన్నారు అందరూ.

చదివాను. "కార్యదర్శి గారి సేవలను సభ కొనియాడినది."

గది గొల్లుమంది. గుమ్మంలో బోటు యజమాని కూడా నవ్వాడు. మూడో వార్డు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను? నవ్వుతూనే ఆ పేజీ చింపేయబోయాను.

సర్పంచి గారు పుస్తకం మీద చెయ్యి వేసింది. "చింపొద్దండి. అడ్డంగా గీత కొట్టి ఉంచండి. కింద అందరం సంతకాలు పెడతాం. మీ తర్వాత వచ్చేవాళ్లు చూసి, ఇదేంటని అడగాలి."

పదకొండు మందీ పెట్టారు. రద్దుకు చెయ్యెత్తని ఐదుగురు కూడా మహా ఉత్సాహంగా పెట్టారు. తర్వాతి పేజీలో, జరిగింది జరిగినట్టు రాయమని నన్ను కూర్చోబెట్టారు. నమ్మండి, చేతకాలేదు. జరగనిదైతే పేజీలకు పేజీలు వచ్చేది. జరిగింది రాయాలంటే మూడు వాక్యాల దగ్గర ఆగిపోయాను. అవి కుట్టుమిషను ఆవిడ రెండుసార్లు దిద్దించింది.

తాళం చెవి జేబులోంచి తీసి సర్పంచి గారి చేతిలో పెట్టాను. నేను పుస్తకం సర్దుకుని బయటికి వచ్చేసరికే దిబ్బ మీద పట్టాలు పరుచుకుంటున్నాయి. ముళ్లతీగ మీద కూడా ఎవరో కానాగంతలు వరసగా వేలాడేశారు. దానికైనా పనికొచ్చింది నా కంచె. మేకల్ని తోలేశారు. నిషేధం మొదలయ్యే లోపు వాళ్లకు ఎండ బాగానే దొరికింది. ఆ రెండు నెలలూ ఊళ్లో పొయ్యిలు వెలిగాయి.

డాక్టరు గారికి వెళ్లి చెప్పాను. ఆయన అంతా విని, "నేనడిగాను కదయ్యా నిన్ను, మంచిదేగా అని" అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే రిటైరయ్యాను. వీడ్కోలుకు పంచాయతీ ఆఫీసులోనే కుర్చీలు వేశారు. నేను ముందుగా వెళ్లి, బల్ల మీద పుస్తకం కనపడితే ఆగలేక తెరిచాను. ఇన్నేళ్లూ నా గురించి నేనే రాసుకున్నాను, కనీసం ఈ ఒక్కసారి వాళ్లేం రాశారో చూద్దామని. పేజీ ఖాళీగా ఉంది. పైన తేదీ తప్ప ఏమీ లేదు.

సర్పంచి గారు వెనక నుంచి చూసింది. "ఇంకా జరగలేదు కదండీ" అంది. "జరిగాక రాస్తాం."

శాలువా కప్పారు, నాలుగు మాటలు చెప్పారు, నేను ఏదో మాట్లాడి కూర్చున్నాను. రైలు టైమవుతోందని వచ్చేశాను. ఏం రాశారో చూడలేదు. తర్వాత వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు.

అందుకని, పోయిన నెల ఆ కొత్త సెక్రెటరీ ఫోన్ చేసినప్పుడు, కొట్టేసిన పేజీ కథంతా రాసి పంపిస్తానని చెప్పాక, కాస్త జంకుతూ అడిగాను. "అమ్మా, అదే పుస్తకంలో ఇంకొంచెం ముందుకెళ్తే నా వీడ్కోలు మీటింగు ఉంటుంది. అందులో ఏముందో చూసి చెబుతావా?"

పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"రెండే లైన్లండి. చదవనా?"

"చదువమ్మా."

"'సెక్రెటరీ గారు మొదట్లో చట్టం సగం చెప్పేవారు. తర్వాత మొత్తం చెప్పారు.' కింద పదకొండు సంతకాలున్నాయండి."

"కొనియాడినట్టు ఏమన్నా..."

"లేదండి. అంతేనండి."

మా ఆవిడ వంటింట్లోంచి, "ఎవరండీ ఫోన్లో, ఎందుకలా కళ్లు తుడుచుకుంటున్నారు?" అని అడిగింది. ఆఫీసు ఫోనని చెప్పాను.